చెరిపించిన అంకెలు

ఆయన పాఠాలు చెప్పే మాస్టారు కాదు. అయినా ఆ పరీక్షశాలలో గేటు దగ్గరి వాచ్‌మన్ మొదలుకొని మేనేజరు దాకా అందరూ ఆయన్ని చుక్కల మాస్టారనే పిలిచేవారు. మందు వాసన కూడా పడని మనిషికి ఆ పేరేమిటని కొత్తగా చేరినవాళ్లు నవ్వుకునేవారు. పేరు నీళ్లవల్ల వచ్చింది. "ఒక్క చుక్క కూడా లెక్క తప్పకూడదు" అనే మాట ఆయన నోట రోజుకు నాలుగుసార్లయినా వినబడేది. భౌతికశాస్త్రంలో పట్టా పుచ్చుకొని, ఎనిమిదేళ్లు డ్రాయింగు బల్ల ముందు గడిపి, ఆ తర్వాత ఇరవై రెండేళ్లుగా ఇక్కడే ఉన్నాడు. మాట తక్కువ మనిషి. పెన్సిలు చెక్కితే మొన ఎంత పొడవుండాలో కూడా ఆయనకొక లెక్క ఉండేది.

పెద్ద భవనాల పైకప్పుల్లో, మంట అంటుకోగానే తమంత తామే తెరుచుకొని నీళ్లు చిమ్మే స్ప్రింక్లర్లు ఉంటాయి. వాటిని తయారుచేసేవాళ్లు ప్రతి రకాన్నీ ఈ పరీక్షశాలకు పంపాలి. నీళ్లు చిమ్మితే చాలదు, సమంగా చిమ్మాలి. నాలుగు స్ప్రింక్లర్ల నడుమ నేల మీద ఏదో ఒకచోటు పొడిగా మిగిలిందంటే, మంట అక్కడే తిష్ఠ వేస్తుంది. ఆ పొడి చోటును పట్టుకునే పరికరాన్ని పన్నెండేళ్ల కిందట మాస్టారే రూపొందించాడు.

అది చూడటానికి సాదా యంత్రం. నాలుగు కాళ్ల ఇనుప ఫ్రేములో, వరసకు ఏడు చొప్పున ఏడు వరసల రేకు ట్రేలు; ఒక్కోటి అరమీటరు చదరం, మొత్తం నలభై తొమ్మిది. ప్రతి ట్రే అడుగునుంచీ ఒక గొట్టం, దాని చివర గోడవారగా నిలబెట్టిన నిలువెత్తు గాజు ట్యూబు. పైన నాలుగు మూలలా బిగించిన స్ప్రింక్లర్లు పది నిమిషాలు కురిశాక, ఏ ట్రేలో ఎంత పడిందో ట్యూబుల్లో మట్టం చూసి రాసుకోవచ్చు. ఏ ట్యూబులోనూ నీళ్లు సగటులో సగానికి తగ్గకూడదు. తగ్గితే ఆ రకం తప్పినట్టే. నాలుగు స్ప్రింక్లర్లకూ అన్నిటికన్నా దూరంగా ఉండేది మధ్య ట్రే. తప్పేవి ఎక్కువగా అక్కడే తప్పాలి.

తన పనిలో రెండు విషయాలంటే ఆయనకు లోలోపల గర్వం. ఒకటి, ట్రేల అంచులు. కోసిన రేకు చేతులు కోస్తుందని, అంచులన్నింటినీ బయటికి గుండ్రంగా చుట్టించాడు. రెండోది, పక్కపక్క ట్రేల నడుమ సందులు. ఆ సందుల్లోంచి నీళ్లు జారిపోకుండా ప్రతిదానిలోనూ రబ్బరు తాడు కూరించాడు. ఒక్క చుక్క కూడా లెక్క తప్పకూడదు కదా.

పదవీ విరమణకు ఇంకా అయిదు వారాలుందనగా, మాస్టారినీ ఆయన పరికరాన్నీ కలిపి ఒక ఫోటో తీయించి హాల్లో పెట్టాలని మేనేజరుకు ముచ్చటేసింది. వచ్చిన ఫోటోగ్రాఫరు గదంతా ఒకసారి కలియజూసి పెదవి విరిచాడు.

"నీళ్లు కనబడవండీ. రేకూ తెలుపే, నీళ్లూ తెలుపే. ఏదైనా రంగు కలపరాదూ?"

"కలిపితే మట్టాలు మారవు గదా మాస్టారూ?" అన్నాడు మేనేజరు.

"మారవు," అన్నాడు మాస్టారు ముక్తసరిగా.

ట్యాంకులో నీలిరంగు కలిపి వాల్వు తిప్పారు. పది నిమిషాలు నీలి వాన కురిసింది. వాల్వు కట్టేశాక మాస్టారు ఫ్రేము పక్కన నిలబడి, ఎటు చూడాలో తెలియక గోడకేసి చూస్తున్నాడు. స్టూలెక్కి పైనుంచి తీస్తున్న ఫోటోగ్రాఫరు ఉన్నట్టుండి కేక పెట్టాడు.

"అబ్బ, భలే! చూడండి సార్, ట్రేల మధ్య నీలం గీతలు! అన్నీ నడిమికే పాకుతున్నాయి. వాన ఆగినా ఆ మధ్య ట్రేలోకి ఇంకా కారుతూనే ఉంది. ఇదే ఫోటో! ఇంకోసారి తిప్పించండి సార్!"

మాస్టారు స్టూలెక్కలేదు. ఎక్కాల్సిన అవసరం లేకపోయింది. గుండ్రటి అంచులు రెండూ ఆనుకున్నచోట, కింద రబ్బరు తాడుతో, ఒక సన్నటి కాలువ ఏర్పడుతుందని ఆయనకు ఆ క్షణానే తెలిసిపోయింది. అంచు మీద పడిన చుక్క ఏ ట్రేలోకీ పోక ఆ కాలువలో పడుతుంది. కాలువ వాలు ఎటుంటే అటు నడుస్తుంది. మధ్యలో పొంగి, మధ్య ట్రేలోకి దిగుతుంది.

"ఇంకోసారి తిప్పండి సార్," అన్నాడు ఫోటోగ్రాఫరు మళ్లీ.

తిప్పారు. ఆ ఫోటోలో మాస్టారు ముఖం ఎలా ఉందో ఆయన ఏనాడూ చూడలేదు.

అందరూ వెళ్లాక, యాభై తొమ్మిది దాటిన మనిషి గోనెపట్టా పరుచుకొని ఫ్రేము కిందికి పాకాడు. నెలనెలా ఆయనే స్వయంగా నాలుగు కాళ్లూ సరిమట్టంగా ఉన్నాయో లేదో చూసేవాడు. నడిమి భాగాన్ని మాత్రం ఎన్నడూ చూడలేదు. చూడాలంటే ఇలా పాకాలి. దారం లాగి కొలిచాడు. ఫ్రేము మధ్యలో నాలుగు మిల్లీమీటర్లు కుంగి ఉంది. కాలువలన్నీ కలిపితే నలభై రెండు మీటర్ల పొడవు. వెడల్పు సుమారు సెంటీమీటరు. అంటే ట్రేల నడుమ, ఎవరి లెక్కలోనూ లేని ఒకటిన్నర ట్రేకి పైగా వాన పట్టే జాగా. అందులో పావువంతు మధ్యకు చేరినా చాలు, ఎండిపోవాల్సిన ట్రే నిండుగా కనబడుతుంది.

మర్నాడు మధ్య ట్రే చుట్టూ రేకు పట్టీ వంచి అడ్డం పెట్టి, ఇదివరకు నెగ్గిన ఒక రకాన్ని మళ్లీ పరీక్షించాడు. మిగతా ట్యూబుల సగటు నూరు సెంటీమీటర్లు. మధ్య ట్యూబు నలభై ఒకటి. పాత పుస్తకంలో అదే రకానికి అరవై రెండు. పట్టీ తీసేసి మళ్లీ కురిపించి, వాల్వు కట్టిన క్షణంలో ఒకసారి, రెండు నిమిషాల తర్వాత ఒకసారి మట్టం చూశాడు. మిగతా ట్యూబులన్నీ అర సెంటీమీటరు పెరిగాయి. మధ్యది మూడు పెరిగింది. మరో రెండు రకాలతో చూసినా నిష్పత్తి మారలేదు: వాన ఆగాక ఒక పాలు చేరితే, ఆగకముందే ఆరు పాళ్లు దొంగతనంగా చేరి ఉంటాయి.

ఆ మూడు సెంటీమీటర్ల దగ్గరే ఆయన చేతిలో పెన్సిలు ఆగింది. ఎందుకంటే ఆ మాట ఆయనకు కొత్త కాదు.

ఏడేళ్ల కిందట ఈ గదిలో ట్యూబులు చదవడానికి ఒకావిడ ఉండేది. అందరూ రీడింగక్క అనేవారు. ట్యూబుల ముందు గొంతుక్కూర్చొని, మట్టానికి కన్ను సరిగ్గా ఆనించి, పుస్తకంలో పెన్సిలుతో నొక్కి నొక్కి రాసేది. కింది రెండు కాగితాల మీద అచ్చులు పడేవి. వాల్వు కట్టిన రెండు నిమిషాలకు చదవాలని మాస్టారి నియమం. ఆవిడ ఆ నియమం పాటిస్తూనే, మధ్య ట్యూబుకు మాత్రం పక్కన ఇంకో చిన్న అంకె వేయడం మొదలుపెట్టింది: వాల్వు కట్టిన క్షణానిది. పద్నాలుగు నెలలు వేసింది. ఒకరోజు మాస్టారు పుస్తకం తిరగేస్తూ అడిగాడు.

"ఏమిటిది?"

"మధ్యది ఆగాక కూడా పెరుగుతోందండీ. మిగతావి అంత పెరగవు. ఎందుకో మీరు చూస్తారని..."

గదిలో ఫిట్టర్లు ముగ్గురు, బయటి కంపెనీవాళ్లు ఇద్దరు ఉన్నారు. బయటివాళ్ల ముందు తన పరికరం గురించి 'ఎందుకో' అనే మాట రావడం ఆయనకు ముల్లులా గుచ్చుకుంది.

"నీళ్లకు నడక నేర్పడం నీ పనా? అంకె రాయడం నీ పని. ఒకటి చదవమంటే రెండు చదివితే రేపు నీ ఇష్టమొచ్చినది ఉంచి, నచ్చనిది తీసేస్తావు. ఇదేమన్నా మీ ఇంట్లో పాల లెక్కా?"

ఎవరో కిసుక్కుమన్నారు. మాస్టారు జేబులోంచి రబ్బరు తీసి బల్ల మీద పెట్టాడు.

"చెరుపు. నా ముందే."

ఆవిడ కూర్చుని చెరిపింది. ఒక్కో పేజీ తిప్పుతూ, అరవై నాలుగు అంకెలు. రబ్బరు పొట్టును పేజీ మీంచి చేత్తో తుడిచి అరచేతిలో పోగు చేసుకొని బయటికెళ్లి పారబోసి వచ్చింది. తర్వాతి నెల ఆవిడను స్టోరుకు మార్చారు. మార్చమని రాసింది మాస్టారే. 'ఏకాగ్రత లోపం' అని కారణం వేశాడు.

ఇదంతా గుర్తొచ్చిన తర్వాత కూడా పదకొండు రోజులపాటు ఆయన ఎవరికీ ఏమీ చెప్పలేదు. ఇది తలచుకుంటేనే ఆయనకు తరవాత్తరవాత ఎక్కువ సిగ్గనిపించేది. తప్పు పన్నెండేళ్ల కిందటిది, తెలియక చేసినది. ఈ పదకొండు రోజులు తెలిసి చేసినవి. రోజూ వేళకు ఆఫీసుకు వెళ్లాడు. కొత్త ట్రేలకు డ్రాయింగు గీశాడు: అంచు చుట్టకుండా, కత్తి మొనలా సన్నగా, కింద అడ్డకమ్మీ. పైన శీర్షిక 'మెరుగుపరచిన నమూనా' అని రాశాడు. ఆ మాట రాస్తున్నప్పుడు చెవులు వేడెక్కాయి. అయినా రాశాడు.

పన్నెండోరోజు భోజనాల దగ్గర భార్య ఆయన కంచం వైపు చూసి అంది: "పదిరోజుల్నించీ చూస్తున్నా. తినడం లేదు, కెలుకుతున్నారు. రిటైరవుతున్నారని బెంగా? ఆ నలభై తొమ్మిది ట్రేలనూ ఇంటికి తెచ్చుకుందాం లెండి, డాబా మీద మొక్కలేస్తాను."

ఆయన నవ్వలేదు. కంచంలోకి చూస్తూ కాలువల సంగతి చెప్పాడు, కుంగిన ఫ్రేము సంగతి చెప్పాడు. ఆమె శ్రద్ధగా వింది.

"అంటే, బాగులేనివి కూడా బాగున్నాయని రాసిచ్చారన్నమాట. అవి ఎక్కడున్నాయి ఇప్పుడు?"

"గోడౌన్లలో. ఆస్పత్రుల్లో. ఎక్కడ పడితే అక్కడ."

ఆయన రబ్బరు సంగతి కూడా చెప్పాడు. చెప్పేటప్పుడు గొంతు బాగా తగ్గింది. ఆమె ముందుకు వంగి వినాల్సి వచ్చింది.

"అందరి ముందూ చెరిపించారా?"

"ఊఁ."

"ఆవిడకు చెప్పారా, తనదే నిజమైందని?"

"లేదు."

"మరి నాకెందుకు చెప్తున్నారు?" అని ఆమె లేచి కంచం తీసుకెళ్లిపోయింది. వంటింట్లోంచి మళ్లీ ఆమె గొంతు వినబడింది: "ముప్పై ఏళ్లు కాపురం చేశాను. నాచేత కూడా ఇలాగే మూడు నాలుగు చెరిపించే ఉంటారు. అవి తర్వాత మాట్లాడుకుందాం. ముందు రేపు పొద్దున అక్కడికెళ్లండి."

వెళ్లక తప్పని కారణం ఇంకొకటి కూడా ఉంది. పన్నెండేళ్లలో పరీక్షించిన రకాలన్నింటినీ మళ్లీ తెప్పించి పరీక్షించాలంటే ఏడాది పడుతుంది. ఈలోగా ఏ భవనంవాళ్లను ముందు హెచ్చరించాలి? రీడింగక్క రెండో అంకె వేసిన పద్నాలుగు నెలల్లోనే కొత్త నిబంధనలు వచ్చి, వాడుకలో ఉన్న రకాలన్నీ వరసగా పరీక్షకు వచ్చాయి. ఆ అరవై నాలుగు అంకెలు ఉంటే, వాన ఆగాక మధ్య ట్యూబు ఎంత పెరిగిందో తెలుస్తుంది. అది తెలిస్తే అసలు ఎంత పడిందో లెక్క కట్టవచ్చు. ఏడాది పనిలో ముఖ్యభాగం ఒక వారంలో తేలుతుంది. కానీ ఆ అంకెలను ఆయనే చెరిపించాడు.

స్టోరు గది వెనకవైపు, కిటికీకి జాలీ. లోపల అరల్లో వాషర్లు, గొట్టాలు, గ్రీజు డబ్బాలు, ప్రతి అర మీదా సున్నంతో రాసినట్టు తెల్లగా, నొక్కి రాసిన అంకెలు. ఆవిడ కళ్లజోడు పైనుంచి చూసింది.

"ఏం కావాలి సార్?"

"మీతో మాట్లాడాలి."

"అప్పట్లో 'నువ్వు' అనేవారు," అంది ఆవిడ, మామూలుగానే. "మాట్లాడండి. జాలీ ఇవతలికి మాత్రం ఎవర్నీ రానివ్వకూడదు. రూలు."

అలా జాలీకి అటు ఆవిడ, ఇటు ఆయన. నిలబడే చెప్పాడు. నీలిరంగు, కాలువలు, మూడు సెంటీమీటర్లు. తానేం చేశాడో చెప్పేటప్పటికి వాక్యం పూర్తికాలేదు. ఆవిడ పూర్తిచేయడానికి సాయం చేయలేదు.

"ఆ అంకెలు... మీరు ఎక్కడైనా వేరే రాసిపెట్టుకున్నారా?"

"నేనా? చెరపమన్నారు, చెరిపేశాను. ఇంటికి తీసుకెళ్లి దాచుకోడానికి అవేమన్నా పెళ్లి ఫోటోలా?"

"నిజమే."

"పుస్తకం ఉందా?"

"ఉంది."

ఆవిడ కొంచెంసేపు ఒక వాషరును వేలికి తొడిగి తిప్పింది. "నేను గట్టిగా నొక్కి రాస్తాను సార్. కాగితానికి చొట్టలు పడి ఉంటాయి. పక్కనుంచి లైటు పెట్టి చూశారా?"

ఆయన చూశాడు. చూసే వచ్చాడు. చొట్టలైతే కనబడుతున్నాయి గానీ, ఆవిడ ఒకటికీ ఏడుకీ, మూడుకీ ఎనిమిదికీ ఆయనకు తేడా తెలియడం లేదు. ఆ మాట ఒప్పుకోకుండా అరల మీది అంకెల వైపు చూశాడు. ఆవిడ తనే గ్రహించింది.

"చదవడం రాలేదన్నమాట," అంది. "భోజనాల వేళ వస్తాను. స్టోరు వదిలి వేరే వేళ రాను. మళ్లీ ఏకాగ్రత లోపం అంటారు."

నాలుగు మధ్యాహ్నాలు పట్టింది. ట్రేలున్న వాన గదిలోని చిన్న బల్ల దగ్గర, కిటికీ తెర దించి, లైటును కాగితానికి దాదాపు ఆనించి పెట్టి, ఆవిడ ఒక్కో పేజీనీ ఏటవాలుగా తిప్పుతూ చదివేది. ఆయన రాసుకునేవాడు. వెలుగు పక్కనుంచి పడినప్పుడు తెల్ల కాగితం మీద చొట్టలు సన్నటి నీడలై లేచేవి. రబ్బరు రుద్దినచోట కాగితం నూగుదేరి ఉండేది. కొన్ని చోట్ల ఆవిడ వేలికొనతో తడిమి చూసేది.

"యాభై తొమ్మిది. కాదు, ఉండండి. యాభై ఎనిమిది. ఇక్కడ బాగా రుద్దాను."

'ఎందుకు ఇక్కడ బాగా' అని ఆయన అడగలేదు. ఇరవయ్యో పేజీ తర్వాత అన్నిచోట్లా బాగానే రుద్ది ఉంది.

ఫిట్టరొకడు లోపలికి తొంగిచూసి, "ఏంటక్కా, మాస్టారికి ఓనమాలు దిద్దిస్తున్నావా?" అన్నాడు.

"తలుపేసి పోరా," అంది ఆవిడ. మాస్టారు తల ఎత్తలేదు. ఏడేళ్ల కిందట కిసుక్కుమన్నది వాడేనేమోనని ఒక్కక్షణం అనిపించింది. నవ్వింది ఎవరైనా, నవ్వించింది తానే గదా అనుకున్నాడు.

అరవై నాలుగింటిలో అరవై ఒకటి దొరికాయి. మూడింటి దగ్గర ఆవిడ తల అడ్డంగా ఊపి, "చెప్పలేను, ఊహించి చెప్పను," అంది. లెక్క కడితే తొమ్మిది రకాలు సగానికి కిందికి పోయాయి. వాటిలో రెండు, పడకలున్న భవనాల్లో బిగించడానికే తయారైనవి. ఆ రెండు పేర్లూ రాసేటప్పుడు ఆయన చేతిరాత చెడింది. చెరిపి మళ్లీ రాయబోయి, చేయి వెనక్కి తీసుకొని, కొట్టేసి పక్కన రాశాడు.

ఆ సాయంత్రమే నివేదిక మేనేజరు బల్ల మీద పెట్టాడు. మేనేజరు చెడ్డవాడు కాదు. రెండుసార్లు చదివి కళ్లజోడు తీశాడు.

"హెచ్చరికలు రేపే పంపిద్దాం. అందులో నాకు రెండో మాట లేదు. కానీ ఈ పేరా ఎందుకు మాస్టారూ? 'ఈ లోపాన్ని ఏడేళ్ల కిందటే రీడింగులు తీసే ఉద్యోగిని గమనించి తెలియజేసింది. పరికర రూపకర్త ఆ అంకెలను ఆమె చేతే చెరిపించి, ఆమెను బదిలీ చేయించాడు.' ఇది లేకపోయినా లెక్క మారదు. మూడు వారాల్లో వెళ్లిపోతున్నారు. మేం శాలువా కప్పి పంపిద్దామనుకుంటుంటే..."

"చెరిపిన అంకెలు ఎలా చదివారని అడుగుతారు. ఎందుకు చెరిపారని అడుగుతారు."

"ఏదో ఒకటి చెప్పొచ్చు."

"చెప్పొచ్చు," అన్నాడు మాస్టారు. "పదకొండు రోజులు నేనూ అదే అనుకున్నాను."

మేనేజరు ఆ కాగితాన్ని చాలాసేపు చూసి, "సరే, ఆవిడకు అభ్యంతరం లేకపోతే ఉంచుదాం. చూపించి రండి," అన్నాడు.

మాస్టారికి ఆ మాట తన బుర్రకు తట్టనందుకు మళ్లీ సిగ్గేసింది. ఆవిడ గురించి రాసి, ఆవిడకు చూపించకుండానే పైకి పంపబోయాడు.

స్టోరు మూసే వేళ. ఆవిడ తాళంచెవులు చేతిలో పట్టుకుని, జాలీ సందులోంచి కాగితం అందుకొని వెలుగులోకి జరిగి చదివింది. పెదవులు కదుపుతూ నిదానంగా, ట్యూబులు చదివినట్టే చదివింది. ఒకచోట ఆగి, వెనక్కి వెళ్లి, మళ్లీ చదివింది.

"ఇది తప్పు సార్."

ఆయన జాలీ దగ్గరికి వంగాడు. "ఏది? అంకెల్లోనా?"

"'గమనించి తెలియజేసింది' అని రాశారు. చదివితే ఒక్కసారే చెప్పినట్టుంది. మూడుసార్లు చెప్పాను."

పుస్తకం, రబ్బరు, బయటి కంపెనీవాళ్లు ఉన్న ఆ ఒక్కరోజే ఆయనకు గుర్తుంది.

"మొదటిసారి, నేను చేరిన నాలుగో నెలలో. మీరు డ్రాయింగు గీస్తున్నారు, తల ఎత్తకుండా 'ఊఁ' అన్నారు. వినలేదేమో అనుకుని, మర్చిపోకుండా ఉంటుందని అప్పట్నించే ఆ అంకె వేయడం మొదలుపెట్టాను. రెండోసారి, మెట్ల దగ్గర. మీరు ఎటో వెళ్లే హడావుడిలో ఉన్నారు. 'రాసి ఇవ్వు' అన్నారు. రాసి మీ బల్ల మీద పెట్టాను. మూడోది మీకు తెలుసు."

ఆయన తడుముకున్నాడు. నాలుగో నెల. మెట్లు. బల్ల మీద ఒక కాగితం. పన్నెండేళ్ల కిందటి ట్రే రేకు మందం ఇప్పటికీ చెప్పగలడు. ఆ కాగితం మాత్రం ఎంత వెతికినా ఎక్కడా దొరకలేదు. అబద్ధమని అనుకోవడానికి ఒక్క క్షణం కూడా వీల్లేదు. ఊహించి చెప్పను అన్న మనిషి ఆవిడ.

"నాకు గుర్తు లేదమ్మా," అన్నాడు చివరికి. "నిజంగా గుర్తు లేదు."

"మీకెందుకుంటుంది?" అంది ఆవిడ. అందులో కోపం లేదు. ఉంటే బాగుండుననిపించింది ఆయనకు. జాలీ సందులోంచి కాగితం వెనక్కి ఇస్తూ, "దిద్ది తీసుకురండి. అప్పుడు అభ్యంతరం లేదని సంతకం పెడతాను," అని స్టోరు దీపం ఆర్పింది.

ఆయన వరండాలో కిటికీ గట్టు మీద కాగితం పరిచి, జేబులోంచి కలం తీశాడు. 'తెలియజేసింది' అన్న మాటకు ముందు పైన ఒక గుర్తు పెట్టి, 'మూడుసార్లు' అని రాశాడు. కొంచెం ఆగి ఆ వాక్యం చివర ఇంకొకటి చేర్చాడు: 'వాటిలో రెండు రూపకర్తకు గుర్తు లేవు.' ఆవిడ తాళం వేసుకుని పక్కనుంచి వస్తోంది. కాగితాన్ని ఆవిడకు అందే ఎత్తులో పట్టుకుని, తల దించుకుని నిలబడ్డాడు.